మోతితో పోయిన అంగీ

మా కాలనీవాళ్ళం నడిపే కుక్కల షెల్టర్ నుంచి ఇవాళ ఒక కుక్కను బసంత్‌నగర్‌లో కొత్త ఇంటికి పంపాం. షెల్టర్ తరఫున ఇన్నాళ్ళూ దాన్ని మా ఇంట్లోనే ఉంచుకున్నాం.

"అన్నా, నువ్వు తొడిగిన అంగీ ఒకటియ్యి, ఉతకకు. నీ వాసన లేకుంటే అది అక్కడ రాత్రి కన్నుమూసి పండది," అంది షెల్టర్ చూసే రజిత.

అప్పుడే గనిలో షిఫ్టు దిగి వచ్చాను, ఒంటిమీదిదే విప్పి ఇచ్చాను. బొగ్గూ చెమటా కలిసిన వాసన.

నా చిన్నప్పుడు మా కుక్క మోతి రోజూ బాపు వెంట గని దాకా పోయేది. ఒకనాడు డంపర్ కింద పడబోయి బతికింది. బాపు దాన్ని రామగిరిలో మేనత్త ఇంటికి పంపాడు. ఆటోలో ఎక్కించి, మురికి డ్యూటీ అంగీ దాని పక్కన పడేశాడు.

"కుక్కతోని నీ పాత బట్టలు గూడ పారేస్తున్నవా?" అని ఏడ్చాను.

"గట్లనే అనుకో బిడ్డా. ఇంట్లకు నడువు," అన్నాడు.

బాపు మోతిని వెళ్ళగొట్టాడని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పాను. అది నిజం కాదు. ఆయనకున్న డ్యూటీ అంగీలు రెండే. మరునాడు ఉతికి ఆరనిది తొడుక్కుని షిఫ్టుకు పోయాడు. నేను చూశాను. ఎందుకని అడగలేదు.