హ్యాండ్‌బ్యాగుకు పదకొండు బొట్లు

ఆ రోజుల్లో మనిషి విలువ చేతిలో ఉన్న బ్యాగును బట్టి ఉంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకానికి తగ్గట్టు నా చేతిలో ఉన్నది మాత్రం బట్టల షాపువాళ్ళు పండక్కి ఊరికే ఇచ్చిన గుడ్డసంచి. డిగ్రీ ముగించి, తిరుపతిలో పెళ్ళి మండపాలు అలంకరించే ఒక మేడం దగ్గర చేరి నాలుగు నెలలైంది. నా ఉద్యోగం పేరు అసిస్టెంటు. చేసే పని మాత్రం బంతిపూలు వాడిపోకుండా నీళ్ళు చల్లడం, పెళ్ళికూతురి మేనత్తల అలకలు తీర్చడం, మేడం ఎక్కడో పెట్టి మరిచిపోయిన ఫోను వెతికి ఇవ్వడం. మేడం అంటే నాకు ఎంత భయమో అంత మోజు. ఆమె చీర కట్టు మీద, ఆమె ఇంగ్లీషు మీద, అన్నిటికంటే ముఖ్యంగా ఆమె మోచేతికి వేలాడే మీగడరంగు తోలు హ్యాండ్‌బ్యాగు మీద. పారిస్ సరుకట. సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి ఖరీదైన వస్తువట. ఆ కంపెనీ పేరు మేడం అంటే ముద్దుగా ఉండేది, నేను అంటే ముక్కు చీదినట్టు ఉండేది. (అందుకే ఇక్కడ రాయడం లేదు.)

పారిస్ సరుకైనా తోలు తోలే కదా. ఏళ్ళు గడిచేసరికి నాలుగు మూలలూ పాత మోపెడ్ సీటులా అరిగిపోయాయి. ఒకవైపు పిడి కుట్టు ఊడి, బ్యాగు పళ్ళూడిన ముసలమ్మలా ఒక పక్కకి ఒరిగి నవ్వేది. చెన్నైలో అడిగితే ఇంత పాతదాన్ని బాగుచేయం పొమ్మన్నారట. మేడం దాన్ని బల్ల మీద పెట్టుకుని దిగులుగా చూస్తూ ఉంటే నా నోరు ఊరుకోలేదు.

"మా చిత్తూర్లో ఒకాయన ఉన్నాడు మేడం. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసి వచ్చాడు. ఆయన చేతిలో పడితే చచ్చిన తోలు కూడా లేచి కూర్చుంటుంది" అన్నాను. (తోలు అంటేనే చచ్చినదని అప్పుడు తట్టలేదు.) ఆయన గురించి నాకు తెలిసిందల్లా రెండుసార్లు నా చెప్పు తెగితే కుట్టి ఇచ్చాడని. మేడం మాత్రం నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. "సరే, దసరాకి ఊరికి పోతున్నావుగా, తీసుకుపో. పండగైన నాలుగో రోజు చెన్నైలో పెద్ద పెళ్ళివాళ్ళతో మాట్లాడాలి. ఆ రోజు ఇది నా చేతికి ఉండాలి. లేకపోతే నువ్వు కూడా ఇక్కడ ఉండనక్కర్లేదు" అంది. నవ్వుతూ అందో, నిజంగానే అందో, ఆ ముఖం చూసి చెప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

చిత్తూరు బస్సులో ఆ బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, ఊడిన పిడి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, మహారాణిలా కూర్చున్నాను. టికెట్‌కి డబ్బులు మాత్రం నా గుడ్డసంచిలోంచి తీశాను. బస్టాండులో దిగి నేరుగా ఆంబూరు మామ కొట్టుకి పోయాను. (ఆయన మాకు చుట్టం కాదు. ఆంబూరు నుంచి వచ్చాడు గనుక ఊరందరికీ ఆంబూరు మామే.) వెళ్ళేసరికి ఆయన సుత్తి, కత్తి, తోలుకు బెజ్జం వేసే ఆరె అన్నీ కడిగి, తుడిచి, పలక మీద వరసగా పేరుస్తున్నాడు.

"రేపు ఆయుధపూజ పాపా. కడిగేసినా. ఇంక దశమి పొద్దున పూజ అయినాకనే వీటిని ముట్టేది. ఎల్లుండి రా."

"అర్జెంటు మామా, నా ఉద్యోగం పోతాది."

"నా ఆరెకు సంవత్సరంలో ఒక్క దినమే సెలవ. నీకెన్ని ఆదివారాలు ఉండాయో అడిగినానా నేను?"

బ్యాగు పట్టుకుని ఇంటికి పోయాను. అసలు తప్పు అక్కడ చేశాను. గుమ్మంలోనే అవ్వ (మా నాయనకి అమ్మ) "ఏందిమే ఆ సంచి?" అని అడిగితే, మేడంది అని చెప్పి ఉంటే ఈ కథే లేదు. ఎదురింటి పిల్ల కూడా చూస్తూ ఉంది. "నాదే అవ్వా, ఆఫీసులో ఇచ్చినారు" అనేశాను.

అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసింది. వాసన చూసింది. "పిడి ఊడిపోయి ఉండాదే? పాతదిచ్చినారా నీకు?"

"ఇప్పుడు ఫ్యాషన్ అంతే."

"అట్లయితే మన తలుపు గూడా ఫ్యాషనే" అని అవ్వ లోపలికి పోయింది. అయినా సాయంత్రం పాలుపోసే ఆమెతో "మా పాపకు కంపెనీవాళ్ళు తోలుసంచి ఇచ్చినారు" అని చెప్పడం నేను విన్నాను. విని సిగ్గుపడాల్సింది పోయి సంతోషపడ్డాను.

ఆయుధపూజ విషయంలో మా అవ్వకి ఒక సిద్ధాంతం ఉంది. పని చేసే వస్తువంతా ఆయుధమే. నాయన మోపెడ్, మామిడితోటకి మందుకొట్టే మిషను, కొడవలి, కత్తిపీట, మిక్సీ, గోడగడియారం, ఆఖరికి టీవీ రిమోట్ కూడా వరసగా నిలబడి బొట్లు పెట్టించుకోవాల్సిందే. (ఒక ఏడు రిమోట్ బటన్ల సందుల్లో పసుపు పోయి, ఆర్నెల్లు ఒకే చానల్ చూశాం.) పూజ రోజు పొద్దున నేను నిమ్మకాయలకి అంగడికి పోయి వచ్చేసరికి మిక్సీకి, మోపెడ్‌కి మధ్యలో పీట వేసి, పీట మీద పారిస్ బ్యాగును కూర్చోబెట్టి ఉంది. ముందు అయిదు బొట్లు, వెనక అయిదు బొట్లు, మూత ఎత్తి లోపల ఒకటి. రాలిపోకుండా నూనె కలిపి మెదిపిన పసుపు, దాని మీద కుంకుమ. ఊడిన పిడికి బంతిపూల దండ.

నిమ్మకాయలు అక్కడే పడేసి బ్యాగు దగ్గరికి పరిగెత్తాను. అవ్వ మాత్రం చెయ్యి తుడుచుకుంటూ, "నీ ఉద్యోగం సంచి గదా, దానికే పెద్ద బొట్టు పెట్టినా" అంది.

అప్పుడు అరిచాను. "అది నాది కాదు! మేడంది! నా పని అయిపోయింది!" అని ఏడుస్తూ అరిచాను. అవ్వ ముఖం ఒక్క నిమిషం చిన్నబోయింది. పాలుపోసే ఆమెకి ఏం చెప్పాలా అని ఆలోచించిందేమో. తర్వాత తేరుకుని, "నీది కాదా? పోనీలే, ఆయమ్మకే మంచి జరుగుతాది. బొట్టు యాడికీ పోదు" అంది.

బొట్టు యాడికీ పోదన్న సంగతి అయిదు నిమిషాల్లో నాకూ తెలిసింది. కుంకుమ రాలింది, పసుపు మాత్రం తోలు తాగేసింది. వెంటనే బట్టల సబ్బు అందుకున్నాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయని, వాటితోనే దిష్టి తీస్తారని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. బట్టల సబ్బు కూడా సున్నం చేసే పనే చేస్తుందని డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నాకు ఆ రోజే తెలిసింది. రుద్దిన కొద్దీ పచ్చ బొట్లన్నీ రక్తం చిమ్మినట్టు ఎర్రబడ్డాయి. మీగడరంగు మీద పది ఎర్రమచ్చలు! (మూత కిందిది కనబడదు కదా అని వదిలేశాను.) అవ్వ తొంగి చూసి, "ఇంక దిష్టి గూడా తగల్దు" అని మెచ్చుకుంది.

భయంతో బకెట్‌లో ముంచి కడిగాను. నాయన వచ్చి, "పసుపు మరకకు ఎండే మందు. మీ యమ్మ చీరకు నేనట్నే పోగొట్టినా" అని మిద్దె మీద ఎండలో పెట్టాడు. చీర వేరు, తోలు వేరు అని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మధ్యాహ్నానికి అది అప్పడంలా బిర్రబిగుసుకుపోయి, నాలుగు మూలలూ పైకి లేచి, మమ్మల్ని చూసి మూతి ముడుచుకుంది. మరకలు మాత్రం ఎరుపు పోయి మళ్ళీ పసుపుగా, ఇంకా వెడల్పుగా తేలాయి. అప్పుడు అవ్వ రంగంలోకి దిగింది. కొత్త చెప్పులు కరిస్తే ఆముదం రాస్తాం కదా, ఇదీ తోలే కదా అని, గిన్నెడు ఆముదం తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డకి పట్టించినట్టు సందుసందునా పట్టించింది. మెత్తబడింది, నిజమే. దాంతోపాటు మీగడరంగు పోయి చింతపండు రంగు వచ్చింది, అదీ అక్కడక్కడ. నేను వెళ్ళి మోపెడ్ పక్కన కూర్చున్నాను. దానికి కట్టిన నిమ్మకాయలతో నాకూ ఒక దండ కడితే బాగుండునని అనిపించింది.

దశమి రోజు పొద్దున ఆంబూరు మామ కర్పూరం హారతి ఇంకా ఆరకముందే కొట్టు ముందు నిలబడ్డాను. ఆయన గుడ్డ విప్పి చూశాడు. వాసన చూశాడు. అద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"పసుపు పూసి, నీళ్ళు పోసి, ఆముదం పట్టించినారు. ఏం పాపా, ఇది బ్యాగా, బాలింతా?"

నేను ఏడవబోయి నవ్వేశాను, నవ్వబోయి ఏడ్చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన బ్యాగును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి విన్నాడు. "పగల్లేదు. మంచి తోలు. మీ ముసలామె ఆముదం పుయ్యకుంటే ఈపాటికి బీటలిచ్చి ఉండు. కానీ ఈ మరకలు పోయేవి గాదు. రంగు ముదురు జెయ్యల్ల. సరేనా?" సరే అనక చేసేదేముంది!

మూడు రోజులు ఆ కొట్టు ముందే ఉన్నాను. మొదట సుద్దపొడిలో పూడ్చిపెట్టి నూనె పీల్పించాడు. తర్వాత పాత కుట్లు ఒక్కొక్కటే కత్తి మొనతో కోసి, కొత్త బెజ్జం ఒక్కటీ పడకుండా, పాత బెజ్జాల్లోనే మైనం పట్టించిన దారంతో, రెండు చేతులా రెండు సూదులు పట్టుకుని కుట్టాడు. "మిషను కుట్టు ఒక తావ తెగిందంటే వరసగా ఊడొస్తాది. ఈ కుట్టు అట్ల గాదు, ఒగ దారం తెగినా రెండోది పట్టుకోని ఉంటాది" అన్నాడు. అరిగిన మూలలకి లోపలి నుంచి పల్చటి తోలు అతికించాడు. అంచులు కొయ్యముక్కతో రుద్ది రుద్ది గాజులా చేశాడు. రంగు మీద రంగు పూసి, గుడ్డతో తోమి, చివరికి చేతికి ఇచ్చేసరికి అది కొత్త బెల్లం అచ్చులా నిగనిగలాడుతోంది. అంత అందమైన వస్తువు నేను అంతవరకు ముట్టుకోలేదు. దాని అసలు రంగు మీగడ అన్న సంగతి ఒక్కటే గుండెల్లో కలుక్కుమంటోంది.

తిరుపతి బస్సులో దారి పొడుగునా అబద్ధం వల్లించుకున్నాను. మేడం ముందు పెట్టి, ఆమె నోరు తెరవకముందే మొదలుపెట్టాను. "తోలుకి వయసొస్తే ఇలాగే ముదురుతుందట మేడం. ఇప్పుడు విదేశాల్లో అంతా ఈ రంగే నడుస్తోందట."

మేడం పిడి లాగి చూసింది. మూలలు వేలితో తడిమి చూసింది. తర్వాత మూత ఎత్తింది. మూత కింద, అర్ధరూపాయంత పసుపు బొట్టు, దాని నడుమ కుంకుమ జాడతో సహా, నీళ్ళకీ ఆముదానికీ తట్టుకుని ఉంది. చుట్టూ జాగ్రత్తగా రంగు పూసి, దాన్ని మాత్రం వదిలిపెట్టాడు ఆంబూరు మామ. (తర్వాత అడిగితే, "మీ అవ్వ పెట్టింది గదా, మొత్తం తుడిసేదానికి సెయ్యి రాలే" అన్నాడు.)

"ఇది కూడా విదేశాల్లో నడుస్తోందా?" అంది మేడం.

నిజం చెప్పేశాను. సబ్బు, మిద్దె, ఆముదం, బాలింత, అంతా. బ్యాగు నాదని ఇంట్లో కోసిన కోతలు కూడా చెప్పాను, అది చెప్పడమే కష్టమైంది. చెప్పి, నా గుడ్డసంచి భుజాన వేసుకుని, పొమ్మంటే పోదామని నిలబడ్డాను. మేడం ఆ బొట్టు మీద వేలు పెట్టి చూసింది. "తెల్లగా ఉన్నన్నాళ్ళూ దీన్ని ఎక్కడ పెట్టాలన్నా భయంగా ఉండేది. కింద పెట్టను, ఒళ్ళో పెట్టను. నేను దాన్ని మోశానో, అది నన్ను మోసిందో" అని, బల్ల మీది కొలత టేపు, కత్తెర, పూలదారం ఉండ అన్నీ తీసి అందులో పడేసుకుంది. "మీ అవ్వకి నా కారు కూడా చూపించాలి. వచ్చే ఆయుధపూజకి తీసుకెళ్ళు" అంది. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, "వద్దులే, అది తెల్ల కారు" అంది.

ఉద్యోగం నిలిచింది. చెన్నై పెళ్ళి పనీ మేడంకే దక్కింది. అది బొట్టు మహిమేనని అవ్వ పాలుపోసే ఆమెకి చెప్పుకుంది, నేను అడ్డం చెప్పలేదు.

ఇప్పుడు నన్ను కూడా నలుగురు మేడం అంటున్నారు. అవ్వ లేదు. నిరుడు నా సొంత సంపాదనతో మంచి తోలు బ్యాగు ఒకటి కొనుక్కున్నాను, కావాలనే మీగడరంగుది. ఆయుధపూజ రోజు మా పనివాళ్ళు నిచ్చెనలకి, డ్రిల్లింగ్ మిషన్లకి బొట్లు పెడుతుంటే, నేను పసుపు వేలికి అద్దుకుని బ్యాగు ముందు కూర్చున్నాను. అవ్వయితే ముందు అయిదు, వెనక అయిదు పెట్టేసి ఉండేది, నన్ను అడిగేది కూడా కాదు. నేను చాలాసేపు తటపటాయించి, ఎవరూ చూడకుండా మూత ఎత్తి, లోపల ఒక్కటంటే ఒక్కటి పెట్టాను, అదీ చిన్నది. వయసైతే వచ్చింది గానీ, బ్యాగు మీద మోజు ఇంకా చావలేదు.