ఇందాక వచ్చి కరిగిపోయిన అవక్షేపం

పదవీ విరమణకు ముందు ఏడాది ఫిబ్రవరిలో బోర్డు నన్ను ఎల్‌బీ నగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేసింది. ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. ఎక్స్‌టర్నల్ అంటే ఆ ఒక్కరోజు పెళ్లికొడుకు. మర్నాడు ఎవరూ పలకరించరు.

ఆ రోజు పరీక్షకు ఇచ్చిన లవణం అమ్మోనియం సల్ఫేట్. దాని ద్రావణంలో బేరియం క్లోరైడ్ కలిపితే తెల్లటి అవక్షేపం, అంటే అడుగుకు దిగే పొడి, రావాలి. దీన్ని ద్వంద్వ వియోగం అంటాం. పేరులో వియోగమున్నా జరిగేది రెండు జంటలు జోడీలు మార్చుకోవడమే. మా శాఖలో ఇంతకు మించి సరసం లేదు.

అందరూ ‘తెల్లటి అవక్షేపం’ అని రాసి, సమీకరణం తుల్యం చేసి, పొడి అడుగుకు దిగిందనడానికి కిందికి బాణం గుర్తు కూడా పెట్టారు. మీర్‌పేట్ నుంచి వచ్చే స్వప్న ఒక్కతే ‘మార్పు లేదు’ అని రాసి సమీకరణం వదిలేసింది. ఆ మార్కులు పోతే ప్రాక్టికల్స్ తప్పినట్టే. అక్కడి లెక్చరర్ రావుగారు నా చెవి దగ్గరకొచ్చి, పిల్ల కాస్త నిదానమని, చూసీ చూడనట్టు పోవాలని బతిమాలారు. నేను ఆమెనే అడిగాను.

“తెల్లగ ఏం రాలే సార్. రానిదాన్ని వచ్చిందని ఎట్ల రాస్త?”

నేనే కలిపి చూశాను. అవక్షేపం రాలేదు, రావుగారి ఆక్షేపణ మాత్రం వచ్చింది: టైమైపోతోందని. ఫస్టు ర్యాంకరు చరణ్‌ని పిలిచి అతని అవక్షేపం చూపించమన్నాను. పరీక్షనాళికను వెలుతురుకు పెట్టి చాలా శ్రద్ధగా వెతికాడు.

“ఇందాక వచ్చిందండీ. ఇప్పుడు కరిగిపోయినట్టుంది.”

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికే లొంగని ఆ తెల్లపొడి, బేరియం సల్ఫేట్, నా ఎదుట నీళ్లలో కరిగిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంతటి ఆవిష్కరణకు సాక్షినవుతానని అనుకోలేదు.

బేరియం క్లోరైడ్ సీసా సంగతి ల్యాబ్ అటెండర్ని అడిగితే, అది అయిపోయిందని, ఖాళీ సీసా చూడ్డానికి బాగుండదని డిస్టిల్డ్ వాటర్ పోశానని నెమ్మదిగా చెప్పాడు. రావుగారి ముఖం తెల్లబడింది. ఆ రోజు అప్పటిదాకా కనిపించిన తెలుపు అదొక్కటే. స్టోర్ నుంచి కొత్త సీసా తెప్పించాలని, అందరూ ఆ పరీక్ష మళ్లీ చేయాలని, ఇక చేయకుండా రాస్తే సున్నా తప్పదని చెప్పాను. ఆయన స్వయంగా పరుగెత్తారు.

ఈసారి స్వప్న నాళికలో పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. రాసింది. కానీ సమీకరణంలో అమ్మోనియం క్లోరైడ్ ముందు రెండు వేయడం మరిచింది. అర మార్కు కోసి, పాస్ చేశాను.

సమీకరణం తుల్యం కావడానికి కాగితం చాలు. చర్య జరిగిందో లేదో నాళికే చెప్పాలి. ఆ తర్వాత ఏ కాలేజీకి వెళ్లినా, ఇచ్చిన టీ తాగేలోపే ప్రతి సీసాలోంచి చుక్క తీసి నేనే ముందు పరీక్షించేవాణ్ణి.