ప్యానెళ్ల మీద దుప్పట్లు

ఆయన్ని వీధిలో అందరూ గాభరాగారనేవారు. స్టవ్వు ఆర్పామో లేదోనని సగం దారి నుంచి వెనక్కొచ్చే మనిషి. అలాంటివాడికి ఏరికోరినట్టు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఉద్యోగమే దొరికింది. వేసవి సాయంత్రాలు ఆయనకు కత్తిమీద సాము. పొద్దు వాలే వేళకే జనం ఇళ్లు చేరి కూలర్లూ మోటార్లూ ఒక్కసారిగా వేస్తారు. అందరికీ కరెంటు చాలదు. ఏదో ఒక వీధికి తీసెయ్యక తప్పదు.

ఆ పాపం మొయ్యలేకే తన వీధి మేడల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాడు. పగలు కాసిన ఎండంతా వీధి చివరనున్న పెద్ద బ్యాటరీలో దాచుకుని, సాయంత్రం వీధి దానిమీదే నడవాలి. అలా మిగిలిన కరెంటు మిగతా వాళ్లకి వెళ్లాలి. ఇంటింటికీ తిరిగి, కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. కానీ ఆయన ప్రాణమంతా ఇంట్లో అక్క దగ్గరే ఉండేది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషను మీద బతుకుతోంది.

ఆ సాయంత్రం పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"లోడు మీరిపోయింది. మీ వీధిని బ్యాటరీ మీదికి మార్చెయ్."

మీటరు చూసేసరికి ఆయన గుండె జారిపోయింది. రోజంతా ఎండ మండిపోయినా బ్యాటరీ పావు వంతు కూడా నిండలేదు. గబగబా భార్యకు ఫోన్ చేశాడు.

"ప్యానెళ్లకి ఏమైందే?"

"ఏమీ కాలేదండీ. దుప్పట్లు ఆరేశాం."

"వాటిమీదా?"

"వదినే ఆరెయ్యమంది. నున్నగా, వేడిగా ఉన్నాయి, చిటికెలో ఆరిపోతాయంది. మనల్ని చూసి వీధంతా ఆరేసింది."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈయన రచ్చ గెలిచొచ్చి ఇంట్లో ఓడాడు. ఊరందరికీ బ్యాటరీ గొప్ప చెప్పాడు గానీ, ప్యానెళ్ల మీద ఏమీ కప్పకూడదన్న ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోతే అక్కకి అండగా ఉండే ఆక్సిజన్ సిలిండరు కూడా నింపడానికి వెళ్లింది.

"సార్, ఇవాళ మా వీధి వద్దు సార్," అని పై ఆఫీసు వాళ్లని బతిమాలాడు.

"అయితే ఆసుపత్రి లైను తీస్తావా?"

ఆయన ఆ ఫోన్ పెట్టేశాడు.

"అందర్నీ అన్నీ ఆపెయ్యమను. మిషను ఒక్కటే నడవాలి. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు," అని భార్యకు చెప్పి, వీధిని బ్యాటరీ మీదికి మార్చే స్విచ్ తిప్పాడు.

ఫోన్లో ఆమె చెప్పుల చప్పుడు, తలుపులు బాదడం, ఎవరో విసుక్కోవడం వినిపించాయి. కాసేపటికి అన్నీ సద్దుమణిగాయి. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందే? మాట్లాడవేం?"

"అందరూ అన్నీ ఆపేసి, వచ్చి మన గుమ్మం ముందు కూర్చున్నారండీ." ఆమె గొంతు బాగా తగ్గించింది. "మిషను చప్పుడు వింటున్నారు. ఆగితే తెలియాలి కదా."

ఆయనా విన్నాడు. సన్నగా, ఎగపోస్తున్నట్టు నడుస్తోంది. మీటరులో గీత తరిగిపోతున్నకొద్దీ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. గీత అడుగంటుతుండగా పై ఆఫీసు ఫోన్ మోగింది.

"లోడు తగ్గింది. మీ వీధికి లైను ఇచ్చెయ్."

ఇచ్చేసి, ఇక అన్నీ వేసుకోవచ్చని భార్యకు చెప్పాడు. ఫోన్లో కూలర్లు, టీవీలు, పిల్లల కేకలు ఒక్కసారిగా హోరెత్తాయి. ఆ గోలలో మిషను చప్పుడు వినబడలేదు.

"అక్కా! అక్కా!" అని పసివాడిలా అరిచాడు.

ఫోన్ చేతులు మారింది.

"ఉన్నానురా," అంది అక్క, ఆయాసపడుతూ. "నువ్వు ముందు ఊపిరి పీల్చుకో."