పిన్నికి చెప్పిన క్షమాపణ

ఆ రోజుల్లో నాకు సైకాలజీ డిగ్రీ కొత్త, కౌన్సెలర్ ఉద్యోగం కొత్త, ఎవరి మనసునైనా ఇట్టే బాగుచేసేయగలనన్న ధీమా మాత్రం బాగా పాతది. కిరందుల్ ఇనుపగనుల టౌన్‌షిప్‌లో స్కూలు పిల్లలు కౌన్సెలింగంటే తిట్లనుకుని నా గది ఛాయలకే వచ్చేవారు కాదు. తీరిక బోలెడు ఉండటంతో ఫోన్లో ఓ కోర్సులో చేరాను. నేటి మనస్తత్వశాస్త్రాన్ని యూదుల ప్రాచీన నీతిబోధతో కలిపి చెప్పే కోర్సు అది. వారానికో గుణాన్ని సాధన చెయ్యాలి. ఆ వారం గుణం, నాలుకను అదుపులో పెట్టుకోవడం. ఎవరినైనా వెనకాల ఏమైనా అని ఉంటే దేవుణ్ణి వేడుకుంటే సరిపోదట, ఆ మనిషి దగ్గరికే వెళ్లి క్షమాపణ అడగాలట. మనసులో భారం మోయకూడదని మా సైకాలజీ కూడా అంటుంది కదా! రెండూ భలే కలిశాయని పొంగిపోయి (పాఠం సగమే విని) బయల్దేరాను.

పక్క క్వార్టర్ పిన్ని నాకు చుట్టం కాదు. విజయనగరం వైపు మనిషి, బాబాయిది గనిలో ఉద్యోగం. ఒంటరి పిల్లనని రోజూ నాకు కూర పంపేది. ఆదివారం భజనలో అందరికంటే ముందు ఆవిడే పాట అందుకునేది. ఆ గొంతును నేను స్టాఫ్‌రూమ్‌లో అనుకరించి అందరినీ నవ్వించేదాన్ని, అదీ ఆవిడ పంపిన కూరే తింటూ.

"పిన్నీ, నన్ను క్షమించాలి," అని మొత్తం చెప్పేశాను. నిజాయితీలో లోటు రాకూడదని (నా తెలివి మండిపోను!) ఎలా అనుకరించేదాన్నో ఓ చరణం పాడి మరీ చూపించాను.

పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నా పాటకి అందరూ నవ్వుతారేటి?"

"అందరూ కాదు పిన్నీ, స్టాఫ్‌రూమ్‌లో వాళ్లే."

"నాకేటీ తెల్దు కదే పిల్లా. ఇప్పుడు తెలిసింది. చెప్పీసి నీ మనసు తేలికైపోనాది. మరి నాదో?"

ఇంటికొచ్చి మిగతా సగం పాఠం విన్నాను. సంగతే తెలియని మనిషికి చెప్పి నొప్పించడం ఇంకో తప్పవుతుందని, అలాంటప్పుడు నోరు మూసుకుని మన నడవడిక మార్చుకోవాలని కొందరు గురువులు అన్నారట! ఆదివారం పిన్ని భజనకొచ్చి వెనక వరుసలో కూర్చుంది. పెదవి కదపలేదు. సోమవారం కూర మాత్రం మామూలుగానే వచ్చింది. ముద్ద దిగక ఏడ్చాను.

ఇన్నేళ్లయినా ఆవిడ మళ్లీ పదిమందిలో పాడలేదు. ఒక్కతే ఉన్నప్పుడు వంటింట్లో పాడుకుంటుందని ఈమధ్యే కనిపెట్టాను. నా అడుగుల చప్పుడైతే ఆపేస్తుంది. అందుకని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లి, పాట అయ్యేదాకా బయటే నిలబడి, ఆ తర్వాత బెల్లు కొడతాను. దారిన పోయేవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ గొంతు ఎంత బాగుంటుందో, వెక్కిరించే హడావిడిలో ఆనాటి నాలోని పిల్ల కౌన్సెలర్ ఒక్కసారైనా వినలేదు.