వారంటులో లేని మనిషి

దావా గెలిచిన రోజు సాయంత్రం రఫ్ఫమ్మ కింది వాటా తలుపు ముందు నిలబడి, తాళంచెవులు ఎప్పుడిస్తారా అని ఎదురుచూసింది. లోపల టీవీ మోగుతూనే ఉంది. కాసేపటికి అక్కడ అద్దెకుంటున్న, వాటర్ ఫిల్టర్లు అమ్మే ఫిల్టర్లబ్బాయి చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చి, ఆమెను చూసి, "ఏంటక్కా, మోటారు వెయ్యాలా?" అని అడిగాడు. ఉదయం జడ్జిగారి ముందు ఓడిపోయిన మనిషి ముఖంలో ఓటమి జాడే లేదు. ఆమే తడబడి, "ఆఁ, కాస్త వెయ్యి" అని మెట్లెక్కేసింది.

ఆమె పని డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదిలో, చిరిగిన బట్టలకు రఫ్ఫు చెయ్యడం. సిగరెట్టు నిప్పు పడిన కోట్లూ, మేకుకు తగిలి చిరిగిన శాలువాలూ ఆమె బల్ల మీదికి వస్తాయి. బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిరుగు మీద అడ్డంగా, నిలువుగా అల్లి, నేత మళ్లీ నేతలా కనబడేవరకు వంచిన మెడ ఎత్తదు. పని ఎంత బాగా కుదిరితే అంత చిక్కు. చిరుగు ఎక్కడుందో వెతికినా దొరకని గిరాకీ, "ఏమీ చెయ్యనిదానికి ఇంత అడుగుతారేంటి?" అని బేరానికి దిగుతాడు. దుకాణం యజమాని సరదాకు పెట్టిన రఫ్ఫమ్మ అనే పేరు వీధిలోనూ స్థిరపడిపోయింది.

ఇల్లు ఆమే, బస్సు డ్రైవరుగా పనిచేసిన ఆమె భర్తా కలిసి కట్టుకున్నది. కింది వాటా అద్దెకిచ్చి పైన రెండు గదుల్లో ఉండేవారు. పైకి ఇనుప మెట్లు. ఒకరు ఎక్కుతుంటే దిగేవాళ్లు గోడకు అతుక్కుపోవాలి. మధ్యలో ఒక మలుపు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఆ మెట్లు ఇద్దరికీ లెక్కలోకి రాలేదు. భర్తకు పక్షవాతం వచ్చి కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాకగాని అవి మెట్లని తెలియలేదు. వ్యాయామం చేయించడానికి ఆసుపత్రి నుంచి వచ్చే అమ్మాయి గదులు చూసి పెదవి విరిచింది. "ఆంటీ, ఇక్కడ గడప దాటగానే గోడ. ఈయన చదునైన నేల మీద నడవాలి, రోజూ వీధిలోకి రావాలి. ఈ సంవత్సరం పోతే ఇక ఆ కాలు మాట వినదు" అని తేల్చి చెప్పింది.

అందుకే రఫ్ఫమ్మ వాటా ఖాళీ చేయమని అడిగింది. ఫిల్టర్లబ్బాయి ముందు సరే అన్నాడు. తర్వాత పిల్లల పరీక్షలన్నాడు. ఆ తర్వాత నీళ్లు నమిలాడు. చివరికి, "కోర్టుకెళ్లండక్కా, నేనేమీ అనుకోను" అన్నాడు. వెళ్లింది. గెలిచింది.

"గెలిచారు. కానీ మీరు గెలిచింది మాట, ఇల్లు కాదు" అంది వకీలమ్మ మర్నాడు. జిరాక్సు దుకాణం పైనున్న ఆమె ఆఫీసు కుర్చీల్లో మనుషుల కంటే ఫైళ్లే సుఖంగా కూర్చుంటాయి. "తీర్పు ఒకటి, స్వాధీనం ఒకటి. వాళ్లంతట వాళ్లు పోకపోతే, తీర్పు అమలు చెయ్యండి మహాప్రభో అని మనం మళ్లీ కోర్టునే అడగాలి."

"ఒకసారి అడిగాంగా మేడం?"

"అప్పుడు న్యాయం అడిగాం. ఇప్పుడు తాళం అడుగుతాం."

రఫ్ఫమ్మ వెంట వచ్చిన తమ్ముడు కుర్చీలో ముందుకు జరిగాడు. "దీనికి మళ్లీ పిటిషనెందుకండీ? వాళ్లు బయటికి వెళ్లినప్పుడు నేనే ఒక తాళం కొనుక్కొచ్చి వేసేస్తాను. తీర్పు మా చేతిలో ఉందిగా!"

"వెయ్యండి బాబూ. సాయంత్రానికల్లా వాడు మీ తీర్పు పక్కన పెట్టి, మీ తాళం మీద కేసు పెడతాడు. కోర్టే వాణ్ణి మళ్లీ లోపల కూర్చోబెడుతుంది. తాళం అదే, వేసే చెయ్యే తేడా." తర్వాత ఆమె రఫ్ఫమ్మ వైపు తిరిగి ఒక్కొక్కటే చెప్పింది. తీర్పుకు ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. ఇచ్చిన గడువు దాటినా ఖాళీ చేయలేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. దరఖాస్తు జడ్జిగారి ముందుకు వెళ్లాక స్వాధీనపు వారంటు వస్తుంది. కోర్టు అమీను ముందుగా తలుపుకు నోటీసు అంటిస్తాడు. చెప్పిన రోజు వచ్చి లోపలివాళ్లను బయటికి పంపి, కొత్త తాళం వేయించి చెవులు చేతిలో పెడతాడు. తాళాలు మార్చేవాణ్ణి, సామాను మోసే కూలీలను ఇంటివాళ్లే తెచ్చుకోవాలి. "అంతవరకూ నీళ్లు ఆపకండి, కరెంటు తియ్యకండి, తలుపు గట్టిగా కూడా కొట్టకండి. వాడు నవ్వుతూ పలకరిస్తే మీరూ నవ్వండి."

గడువు దాటింది. రఫ్ఫమ్మ నకళ్ల విభాగం చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. కిటికీ వెనక గుమాస్తా ఒకరోజు ముద్ర లేదన్నాడు, ఇంకొకరోజు ముద్ర ఉంది గాని అది వేసే మనిషి లేడన్నాడు. నకలు చేతికొచ్చాక దరఖాస్తు పెట్టారు. వారంటు వచ్చింది.

ఆ వారంటులో రెండే పేర్లున్నాయి, అతనివీ అతని భార్యవీ. ఆ వాటాలో ఎదిగిన మనిషి ఇంకొకరు కూడా ఉంది, అతని తల్లి. దావా వేసేటప్పుడు వకీలమ్మ, "ఎదిగినవాళ్లు ఎవరెవరున్నారో అందరూ కావాలి, ఒక్కరిని కూడా వదలొద్దు" అని గుచ్చి గుచ్చి అడిగింది. "మొగుడూ పెళ్లాం, చిన్నపిల్లలిద్దరు" అని చెప్పింది రఫ్ఫమ్మ. అబద్ధమని ఆమెకు తెలుసు. భర్త ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, ఆమె దుకాణానికి వెళ్లక తప్పని రోజుల్లో, ఆ ముసలావిడ ఇనుప కమ్మీ పట్టుకుని, మలుపు దగ్గర ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకుని పైకి వచ్చేది. మధ్యాహ్నం మాత్ర వేసేది. కారిన లాలాజలం తుడిచేది. ఎవరూ చెయ్యమనలేదు. ఆ పెద్దమ్మగారిని ప్రతివాది అని రాయించడానికి రఫ్ఫమ్మకు నోరు రాలేదు. పెద్దావిణ్ణి కోర్టు కాగితంలోకి ఈడ్చడమేమిటి, కొడుకు వెళ్తే ఆవిడా వెళ్తుంది కదా అనుకుంది.

నోటీసు అంటించిన మధ్యాహ్నం కూడా పెద్దమ్మగారు పైకి వచ్చింది. "అమ్మాయ్, తలుపుకి ఏదో అంటించి పోయారు. వాడినడిగితే కరెంటు వాళ్లదన్నాడు. అవునా?"

"అలాంటిదే పెద్దమ్మగారూ" అంది రఫ్ఫమ్మ, మాత్రల అట్ట చింపుతూ.

చెప్పిన రోజు తెల్లవారుజామున వీధిలో లారీ ఆగింది. మంచాలు ఎక్కిస్తున్న చప్పుడు, "మెల్లగా, మెల్లగా" అన్న గొంతులు. రఫ్ఫమ్మ పక్కమీదే పడుకుని విని, అమీను రాకముందే పరువుగా పోతున్నారని సంతోషపడింది. భర్త భుజం తట్టి, "ఈ రాత్రికి కింద పడుకుందామండీ" అంది.

అమీను హెల్మెటు చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనక ఒక కానిస్టేబులు, తాళాలు మార్చేవాడు, ఇద్దరు కూలీలు. తలుపు దగ్గరగా వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. గోడలకు మేకులు తప్ప ఏమీ లేవు. బల్బులు కూడా ఊడదీసుకుపోయారు. ముందుగది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమ్మగారు కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర ఒక సంచితో.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు అమీను.

ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నేను ఈ ఇంట్లో వేరుగా ఉంటున్నాను. నా గది నాది. నాకెవరూ నోటీసు ఇవ్వలేదు."

"పేరు?"

"చెప్పొద్దన్నాడు మా వాడు."

కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు. అమీను నవ్వలేదు. వారంటు తిరగేసి చూసి మడిచేశాడు. "ఇందులో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ ఇక్కడ లేరు. ఉన్న మనిషి ఇందులో లేదు. లేని మనిషిని బయటికి పంపే అధికారం నాకు లేదమ్మా" అని రఫ్ఫమ్మతో అన్నాడు. "ఆవిడ ఉండగా తాళం వెయ్యలేను. ఇలాగే రాసి కోర్టుకి తిప్పి పంపుతాను. నాకింకా వేరే ఇళ్లున్నాయి." హెల్మెటు పెట్టుకుని వెళ్లిపోయాడు. తాళాలవాడూ, కూలీలూ ముఖాలు చూసుకుని, పని కాకపోయినా రాకకు కూలి తీసుకుని కదిలారు.

రఫ్ఫమ్మ గడపలోనే నిలబడిపోయింది. "అబ్బాయి ఎక్కడికెళ్లాడు పెద్దమ్మగారూ?"

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడమ్మా."

సాయంత్రం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆవిడ ఫోను చేస్తే ఎత్తలేదు. రఫ్ఫమ్మకు మాత్రం తనంతట తనే ఫోను చేశాడు. "అమ్మ అక్కడ అలవాటు పడిపోయిందక్కా. కదలనంటోంది. మీరేమైనా డబ్బు సర్దితే నచ్చజెప్పి తీసుకెళ్తాను" అన్నాడు, వాటర్ ఫిల్టరుకు వారంటీ చెప్పినంత చల్లగా.

"వాడు ఇంటికి తాళం వేసే పోయాడమ్మా" అంది వకీలమ్మ, విన్నాక. "తాళంకప్ప వాళ్లమ్మ. మీరు ఈవిడ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మా ఆయనకి మధ్యాహ్నం మాత్ర ఆవిడే వేసేది మేడం" అంది రఫ్ఫమ్మ.

"అవతలి వకీలు మన కాగితం చదివిన మొదటి రోజే పట్టుకుని ఉంటాడు, ఒక పేరు తక్కువుందని. సరే, అయిందేదో అయింది. ఆవిణ్ణి కలుపుతూ మళ్లీ అడుగుదాం. పేరు చెప్పండి."

"పెద్దమ్మగారు."

"అది పిలుపు. పేరు?"

ఇన్నేళ్లలో ఆ పేరు ఎవరి నోటా వినలేదని రఫ్ఫమ్మకు అప్పుడు తెలిసింది. కొడుకు అమ్మ అనేవాడు, కోడలు అత్తయ్య అనేది, పిల్లలు నానమ్మ అనేవారు. వీధిలో అందరికీ పెద్దమ్మగారే.

"ఆవిణ్ణి ఒక గదిలో ఉండనిచ్చి, మేం మిగతా వాటాలోకి దిగితే?" అని అడిగింది చివరికి.

"ఆవిడకు హక్కుందని మీరే ఒప్పుకున్నట్టు. వాడు ఎల్లుండికల్లా తల్లిని చూసుకోవాలంటూ మళ్లీ దిగుతాడు. ఇంకో మాట కూడా వినండి. తాళం పడ్డాక జాలిపడి ఆవిణ్ణి పైన పడుకోబెట్టినా మొదటికొస్తుంది. మీ ఇంట్లో ఏ మూలా వద్దు."

ఇంటికి వచ్చి రఫ్ఫమ్మ భోజనం కంచంలో పెట్టుకుని కిందికి దిగింది. పొద్దున కంచం, మధ్యాహ్నం కోర్టు, రాత్రి మళ్లీ కంచం. కొన్నాళ్లుగా అదే వరస. తను తెచ్చిపెట్టిన ఒక్క బల్బు ముందుగదిలో వెలుగుతోంది. ఆవిడ తినేవరకు ఆగింది. చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"మీ పేరేంటి పెద్దమ్మగారూ?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎందుకు? కోర్టుకా?"

"అవును."

"చెప్తే నన్ను కూడా పంపేస్తారు."

"అవును" అంది రఫ్ఫమ్మ.

"అప్పుడే రాయించాల్సిందమ్మాయ్." గొంతులో కోపం లేదు, చేసిన పనిలో తప్పు ఎక్కడుందో చూపిస్తున్నట్టుంది. "ఇద్దరితో పాటు నన్నూ రాస్తే, వాడు నన్నూ లారీ ఎక్కించేవాడు. ఎక్కించక చస్తాడా? నీ కాగితంలో నేను లేననేగా వాడికి నన్ను వదిలేయొచ్చన్న ఆలోచన వచ్చింది! మర్యాద చేశాననుకున్నావు."

రఫ్ఫమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకు. రాసుకో." ఆవిడ పేరు చెప్పింది. తర్వాత భర్త పేరు, వయసు కూడా తనే చెప్పింది. రఫ్ఫమ్మ దుకాణం రసీదు వెనక రాసుకుంది. రాసింది ఒకసారి చదివి వినిపించమంది ఆవిడ. విని, "అదే" అంది.

రెండోసారి వారంటు త్వరగానే వచ్చింది. పెద్దమ్మగారు అభ్యంతరం చెప్పలేదు. అదే అమీను వచ్చాడు. గడపలో నిలబడి, నిబంధన ప్రకారం పేరు పైకి చదివాడు. కుర్చీలోంచి లేవడానికి ఆవిడకు కొంచెం సమయం పట్టింది. "నేనే" అంది. అమీను ముందుగానే చెప్పి ఉంచడం వల్ల వృద్ధుల ఆశ్రమం వ్యాను వీధి చివర నిలబడి ఉంది. ఆవిడ తన సంచి ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

"మీ ఆయనకి మధ్యాహ్నం మాత్ర ఎవరేస్తారు?" అని అడిగింది, వ్యాను ఎక్కే ముందు.

"నేనే వస్తాను, భోజనం వేళకి."

"దుకాణంలో ఒప్పుకుంటారా?"

రఫ్ఫమ్మ జవాబు చెప్పేలోపే డ్రైవరు తలుపు లాగాడు.

తాళాలవాడు పాత తాళం ఊడదీసి కొత్తది బిగించాడు. స్వాధీనం అందిందని అమీను చూపిన చోట రఫ్ఫమ్మ సంతకం పెట్టింది, చెవులు తీసుకుంది. మోయడానికి సామాను లేక ఖాళీగా కూర్చున్న కూలీలిద్దరినీ తమ్ముడు పైకి పంపాడు. వాళ్లు ఆమె భర్తను కుర్చీతో సహా ఎత్తి, మలుపు దగ్గర వంచి, అలవాటైన బీరువాను దించినంత సులువుగా కిందికి తెచ్చారు.

ముందుగది ఈ గోడ నుంచి ఆ గోడకు చదునుగా ఉంది. రఫ్ఫమ్మ ఆయన చంక కింద చెయ్యి వేసి లేపి నిలబెట్టింది. ఆయన నడవలేదు. గదంతా కలయజూశాడు.

"ఆవిడేదీ?" అన్నాడు, మాటలు ముద్దగా పడుతుంటే.

"వెళ్లిపోయారు."

"ఎక్కడికి?"

ఆశ్రమం ఎక్కడుందో ఆమె అడగలేదు. అమీను చెప్పనూ లేదు.

"నడవండి" అంది. ఆయన కదలలేదు. "నడవండీ" అని అరిచింది, పాత తాళం సంచిలో వేసుకుంటున్న తాళాలవాడు ఉలిక్కిపడి తలెత్తి చూసేంత గట్టిగా.