బందెల దొడ్డిలో నీళ్లెవరు పెట్టాలి

పోయిన బుధవారం సాయంత్రం అయిదింటికి మా ఊరి గ్రామపంచాయతీ బోర్డు దించేశారు. ఊరు ఇప్పుడు పక్క మున్సిపాలిటీలో ఒక వార్డు.

మా చిన్నప్పుడు ఆ బోర్డు కింద నిలబడితే ఎదురుగా బందెల దొడ్డి కనిపించేది... ఛాతీ ఎత్తు రాతిగోడలు, ఒక ఇనుప గేటు, మూలన నీళ్లకు రాతి గోలెం. ఎవరి చేలో పశువులు పడినా, చేను గలాయన వాటిని తోలుకొచ్చి అందులో పెట్టేవాడు. పశువుల ఆసామి వచ్చి పంచాయతీకి జరిమానా కట్టి విడిపించుకునేదాకా అవి అక్కడే...

జరిమానా పంచాయతీ సంగతి. అది కాక ఊరి కట్టుబాటు ఒకటుండేది. దొడ్లో పెట్టినవాళ్లే నీళ్లు పెట్టాలి. ఎంత నష్టపోయినా, ఎంత కోపమున్నా సరే... లోపల మూగజీవాలు దూపతో అరిస్తే, మాట వచ్చేది చేను గలాయనకే.

తను దొడ్లో పెట్టిన పరాయి ఊరి బర్రె ఉందని మా బాపు ఒకసారి చుట్టాల పెళ్లికి రాలేదు. అమ్మా నేనూ పోయి వచ్చాం. “చేను తిన్నది అది... పెండ్లి బువ్వ పోయింది నాది” అన్నాడు, మేం ఇంట్లోకి అడుగుపెట్టగానే.

కానీ దొడ్డి అంటే నాకు ముందు గుర్తొచ్చేది సాయమ్మ పెద్దమ్మ. మా వాడకట్టు మనిషి. పిల్లలు లేరు. భర్త పోయాక మేకలతోనే బతికింది. చుట్టరికం ఏమీ లేకపోయినా బాపును మరిది అనేది. బాపు వదినె అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మేకలు మా కందిచేలో పడ్డాయి. బాపు తిట్టుకుంటూ వాటిని ఊరి నడుమ నుంచి తోలుకొచ్చి దొడ్లో వేశాడు. తిట్లు ఆగకముందే బోరింగు దగ్గరికి పోయి బిందె నింపాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు నవ్వుతున్నారు.

అప్పుడే పెద్దమ్మ వచ్చింది. గేటు తియ్యమని అడగలేదు. గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడింది.

“ఏం మరిదీ... నా మేకలకాడ జీతం ఉన్నవా?”

“నీ మేకలు నా చేనంత మేసినయి వదినె. జర తాడు కట్టుకోరాదు?”

“తాడు కడితే అది మేకెట్లయితది? ఆ నల్లదాని దిక్కు జర పొయ్యి. పెద్దయి దాన్ని రానియ్యవు.”

బాపు గొణుగుతూనే నల్లదాని ముందు బిందె వంచాడు. గోలెం నిండేసరికి గోడకు ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు ఆనుకుని వానల సంగతి మాట్లాడుకుంటున్నారు. బాపు చుట్టూ మేకలు...

కొన్నాళ్లకు మళ్లీ అవే మేకలు, అదే చేను, అదే బిందె.

ఇప్పుడు బాపు లేడు. కందిచేను ప్లాట్లయింది. తెల్లారేసరికి ఊళ్లో చాలామంది షాద్‌నగర్ కంపెనీల బస్సులెక్కుతారు. మేకలున్నది ఒక్క పెద్దమ్మకే.

బోర్డు దించేటప్పుడు నేను వార్త కోసం వెళ్లాను. కార్యదర్శి, నిచ్చెన పట్టుకున్న ఇద్దరు పనివాళ్లు, నేను... ఊరి నుంచి వచ్చింది పెద్దమ్మ మాత్రమే. బోర్డు తర్వాత దొడ్డి గేటుకు నోటీసు అంటించారు. ఆ జాగాలో చెత్త వేరుచేసే షెడ్డు కడతారు. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. నోటీసు ఆమెకు చదివి వినిపించాను.

“మరి నా మేక తప్పిపోతే యాడికి రావాలె సారూ?” అని కార్యదర్శిని అడిగింది.

“పట్నం తీస్కపోతరవ్వా. ఆడ అడగాలె.”

“ఆడ నీళ్లెవరు పెడతరు?”

ఆయన నిచ్చెన తీయించే పనిలో పడ్డాడు. తప్పు ఆయనది కాదు.

మరునాడే ఒక మేక ప్లాట్లలోకి దూరింది. అక్కడి వాచ్‌మన్‌ది వేరే రాష్ట్రం. దొడ్డి సంగతి అతనికి తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. మేకను ప్లాట్ల గేటుకు కట్టేసి తన పని తాను చూసుకున్నాడు. పెద్దమ్మ వెతుక్కుంటూ పోయేసరికి పొద్దు గూకుతోంది. మేక పొద్దంతా ఎండలోనే ఉంది.

“ఆయన్ని ఏమన్నావు?” అని అడిగాను.

“ఏమంట? నా మాట ఆయనకు రాదు, ఆయన మాట నాకు రాదు. నా మేకకు నేనే నీళ్లు పెట్టుకున్న.”

ఆ మేకను దగ్గరికి లాక్కుంది...

“మీ బాపుంటే తిట్టేటోడు బిడ్డా. తిట్టి, నీళ్లు పెట్టేటోడు. గిప్పుడు కొట్లాడుదామన్నా మనిషి లేడు.”

మేకలు అమ్ముకొమ్మని చెప్పినవాళ్లున్నారు. “అమ్ముకుని ఇంట్ల ఎవరితోని మాట్లాడాలె?” అంటుంది.

మున్సిపల్ ఆఫీసులో కనుక్కున్నాను. ఆ నోటీసు మీద ఇప్పటిదాకా అందిన అభ్యంతరం ఒక్కటే. దాని మీద సాయమ్మ వేలిముద్ర ఉంది.

మీ ఊళ్లో బందెల దొడ్డి ఎక్కడుండేది... ఇప్పుడు ఆ జాగాలో ఏముంది? మీ ఇంట్లో ఎవరైనా అందులోకి నీళ్లు మోశారా? రాయండి. పెద్దమ్మకు చదివి వినిపిస్తాను.

ఆ అభ్యంతరం మీద సోమవారం పొద్దున పదిన్నరకు మున్సిపల్ ఆఫీసులో విచారణ. ఆమె తొమ్మిదింటి బస్సుకు బయల్దేరుతుంది. తోడు వస్తానన్నాను. వద్దంది.

“నువ్వు గూడ వస్తే మేకల్ని ఎవరు చూడాలె? దొడ్లె తోలి గేటెయ్యి. ఏసినోళ్లే నీళ్లు పెట్టాలె... యాదున్నది గద?”

యాదుంది. సోమవారం తొమ్మిదింటికి బిందెతో దొడ్డి దగ్గర ఉంటాను.