విందులో సోల్ పాట

మండవల్లి చర్చిలో కీబోర్డు వాయించే జెకర్యాకు సంఘమంటే మొదటినుంచీ చిన్నచూపే. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి గాయకులు చర్చి పాటలోంచి ప్రభువును తీసి ప్రియురాలిని పెట్టి సోల్ సంగీతం పుట్టించారని యూట్యూబులో అతనికి జ్ఞానోదయమైంది. చేపల మేత తప్ప మరో సంగతెరగని ఈ జనానికి అదేం తెలుస్తుంది? ఆదివారాల వాయింపు మానేసి పెళ్ళిళ్ళలో గాయకుడిగా వెలగాలని అతని కోరిక.

తాడేపల్లిగూడెంలో మేనకోడలి రిసెప్షన్ నాడు మైకు అందుకున్నాడు. ఆరాధన ముగింపు పాట వరసే ఎత్తుకుని, "ప్రభువా" ఉన్నచోటల్లా "ప్రేయసీ" అంటూ కళ్ళు మూసుకుని పాడాడు. తెరిచేసరికి విందుకొచ్చిన సంఘమంతా తలలు వంచి నిలబడి ఉంది. పాట అవగానే "ఆమెన్" అని గుమ్మం వైపు నడిచింది.

"ఏవండీ, ఆగండి, బిరియానీ ఇంకా దించలేదండీ," అంటూ పెళ్ళికూతురి తండ్రి అడ్డంపడ్డాడు. అందర్నీ కూర్చోబెట్టాక జెకర్యా దగ్గరికొచ్చి, "బాగా పాడారు బావగారూ. ఈసారి భోజనాలయ్యాక పాడుదురుగాని," అన్నాడు.

సోల్‌ను అందుకునే యోగ్యత ఈ జిల్లాకు లేదని జెకర్యా తేల్చేశాడు. ఆదివారం చర్చిలో అదే పాట "ప్రభువా" అనే పాడుతూ వాయించాడు. అందరూ లేచి ఇళ్ళకు వెళ్ళారు.